ఆకాశంలో కళ్ళు, కోలారులో చెరువులు



కోలారు జిల్లాకు జీవనది లేదు. పాలారు మన జిల్లా గుండానే పోతుంది గాని, వాన వచ్చినప్పుడు పారి, తక్కిన రోజుల్లో ఇసుకగా మిగిలే ఏరు అది. అందుకే మన పూర్వులు నేల వాలు చూసి కట్టలు వేశారు. ఒక చెరువు అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువులో పడేటట్టు, అది నిండితే మరో చెరువుకు పోయేటట్టు, గొలుసు గొలుసుగా చెరువులు తవ్వుకున్నారు. ముళబాగిలు వైపు వెళ్ళినా, శ్రీనివాసపురం వైపు వెళ్ళినా, బంగారుపేట నుంచి బేతమంగళం వెళ్ళినా దారి పొడుగునా మీకు కనిపించేవి ఇవే.

ఊరి చెరువు నిండిందా లేదా అని తెలుసుకోవడానికి కట్ట మీదికి పోయి చూస్తే చాలు. నీరుగంటికి ఆ లెక్క కంటితోనే తెలిసేది. ఏ మెట్టు మునిగితే ఎన్ని మడులకు నీరు వదలవచ్చో అతనికి కాగితం అక్కర లేకుండానే తెలుసు. కాని జిల్లా మొత్తం మీద ఏ చెరువు ఎంత నిండింది, ఏది పూడిపోయింది, ఏది నాచుపట్టింది అని ఒకే రోజున తెలుసుకోవాలంటే ఎట్లా? ఎన్ని జీపులు తిప్పినా చాలవు. పైనుంచి చూడాలి. ఒకసారి చూస్తే సరిపోదు, మళ్ళీ మళ్ళీ చూడాలి. ఈ 'మళ్ళీ మళ్ళీ' అనే మాట కోసమే ఇవాళ ప్రపంచంలో కొన్ని సంస్థలు వందలకొద్దీ చిన్న ఉపగ్రహాలను ఎగరేసి, అవి తీసే భూమి చిత్రాలను అమ్ముకుంటున్నాయి. ఆ వ్యాపారం ఎట్లా పుట్టింది, ఎట్లా నడుస్తుంది, దానికీ మన కోలారుకూ ఏమి సంబంధం అన్నదే ఈ ప్రసంగం.

మన నేలను కొలిచి కాగితం మీద పెట్టడం ఇప్పటి పని కాదు. టిప్పు సుల్తాను 1799లో పడిపోయిన తరువాత మైసూరు రాజ్యం తూర్పు సరిహద్దును సర్వే చేయడానికి లెఫ్టినెంట్ జాన్ వారెన్ అనే అధికారి 1802లో ఈ ప్రాంతానికి వచ్చాడు. ఎర్రకొండ దగ్గర మట్టిలో బంగారం దొరుకుతుందని ఆయన చెవిన పడింది. ఎర్రకొండ అన్నది తెలుగు పేరే, గమనించండి. చూపించినవాళ్ళకు బహుమానం ఇస్తానని ఆయన ప్రకటిస్తే, ఊళ్ళవాళ్ళు బండ్లలో మట్టి వేసుకొని వచ్చి ఆయన ఎదుటే కడిగి బంగారు రజను చూపించారని చెబుతారు. తెలిసినవాళ్ళు ఊరివాళ్ళు. నివేదికలో పేరు వారెన్‌ది. ఆ నివేదికను ఎన్నో ఏళ్ళ తరువాత చదివి వచ్చినవాడు మైఖేల్ లావెల్. 1873లో అతను తవ్వుకొనే అనుమతి కోరాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు సంస్థ దిగింది. తక్కిన కథ మీకు తెలిసిందే. గనులు మూడు కిలోమీటర్ల లోతు దాటి పోయాయి. చిత్తూరు నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి మనవాళ్ళు వచ్చి ఆ లోతుల్లో పనిచేశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఒక నేలను గురించిన సమాచారం ఎవరి చేతిలో ఉన్నదో ఆ నేల లాభం వాళ్ళ వైపు పోవడం మనకు కొత్త కాదని చెప్పడానికే ఈ పాత సంగతి ఎత్తాను.

ఇక ఆకాశం మాట. 1972 జూలైలో అమెరికా లాండ్‌శాట్ మొదటి ఉపగ్రహాన్ని పంపింది. భూమి వనరులను పైనుంచి చూడడానికే ప్రత్యేకంగా తయారైనది అది. మన దేశంలో హైదరాబాదు కేంద్రంగా జాతీయ దూర సంవేదన సంస్థ ఏర్పడి, షాద్‌నగర్ దగ్గర పెద్ద గిన్నెల్లాంటి ఏంటెన్నాలు కట్టి, పరాయి ఉపగ్రహాల సంకేతాలనే మొదట పట్టుకొని నేర్చుకున్నది. 1979లో భాస్కర, 1981లో రెండవ భాస్కర మన ప్రయోగాలు. తరువాత 1988 మార్చి 17న సోవియట్ రాకెట్ మీద బైకనూరు నుంచి ఐ.ఆర్.ఎస్.-1ఎ వెళ్ళింది. అది అసలైన పనిముట్టు.

దాని పని తీరు కొంచెం నిదానంగా చెప్పుకొందాం, ఎందుకంటే తరువాతి కథంతా దీని మీదే ఆధారపడి ఉన్నది. భూమికి 904 కిలోమీటర్ల ఎత్తున, ఒక ధ్రువం నుంచి ఇంకో ధ్రువానికి తిరుగుతూ ఉంటుంది. రోజుకు సుమారు 14 చుట్లు. అది పైన తిరుగుతుంటే కింద భూమి తన పాటికి తాను పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది. అందువల్ల ప్రతి చుట్టులోనూ కొత్త పట్టీ కనబడుతుంది. నారింజపండును నిలువుగా పట్టుకొని, కొద్దికొద్దిగా తిప్పుతూ పైనుంచి కిందికి రంగు పూస్తున్నట్టు ఊహించుకోండి. పండంతా పూయడానికి ఐ.ఆర్.ఎస్.-1ఎకు 22 రోజులు పట్టేది. ఏ ఊరి మీదికి వచ్చినా పొద్దున పదిన్నర ప్రాంతంలోనే వస్తుంది. నీడలు ఎప్పుడూ ఒక్క తీరుగా ఉంటేనే ఈ చిత్రాన్నీ మునుపటి చిత్రాన్నీ పోల్చవచ్చు. ఇందులోని మెరుగైన కెమెరాకు కూడా చిత్రంలో ఒక్క చుక్క అంటే 36 మీటర్ల చదరం. మన లెక్కలో ఎకరంలో మూడో వంతు ఒక చుక్కలో ఇమిడిపోతుంది. పెద్ద చెరువు కనబడుతుంది, కుంట కనబడదు.

22 రోజులు అంటే ఏమిటో ఇప్పుడు మన జిల్లాకు అన్వయించి చూడండి. మనకు వానలు ఎక్కువగా కురిసేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. చెరువు నిండేది ఆ రోజుల్లోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే మబ్బు. ఉపగ్రహం వచ్చిన పూట మబ్బు కప్పి ఉంటే మళ్ళీ 22 రోజులు ఆగాలి. అప్పుడూ మబ్బు ఉంటే నెలన్నర పోయినట్టే. ఈలోగా చెరువు నిండనూ నిండవచ్చు, కట్ట తెగనూ తెగవచ్చు. 1991 ఆగస్టులో ఐ.ఆర్.ఎస్.-1బి వెళ్ళాక రెండూ కలిసి వంతులవారీగా చూడడంతో 22 రోజులు కాస్తా 11 అయింది. ఉపగ్రహాల సంఖ్య పెంచితే కాలం తగ్గుతుందన్న సూత్రం ఆ రోజే మన దేశంలో ఆచరణలోకి వచ్చింది. ఇట్లా ఒకే పనికోసం కలిసి తిరిగే ఉపగ్రహాలను ఇంగ్లీషులో కాన్‌స్టలేషన్ అంటారు. నక్షత్రాల గుంపుకు వాడే మాటే అది. మన పల్లెల్లో కృత్తికలను పిల్లలకోడి అంటారు కదా, నన్నడిగితే దీనికి ఆ పేరే బాగా అతుకుతుంది.

ఇంతవరకు ఇది ప్రభుత్వాల పని. మరి వ్యాపారం ఎప్పుడు వచ్చింది? అమెరికాలో 1984లో చట్టం చేసి లాండ్‌శాట్ చిత్రాల అమ్మకాన్ని ప్రైవేటు చేతుల్లో పెట్టారు. ఇయోశాట్ అనే సంస్థ ఆ పని తీసుకున్నది. వందల డాలర్లకు దొరికే చిత్రం ధర వేల డాలర్లకు ఎక్కింది. విశ్వవిద్యాలయాలు కొనడం తగ్గించుకున్నాయి. ఫ్రాన్సువాళ్ళు 1986లో స్పాట్ ఉపగ్రహాన్ని పంపి, మొదటినుంచీ అంగడి సరుకుగానే చిత్రాలు అమ్మారు. 1993 అక్టోబరులో లాండ్‌శాట్-6 కక్ష్యకు చేరకుండానే పోయింది. ఇయోశాట్‌కు సంత ఉన్నది, సరుకు లేదు. మనకు సరుకు ఉన్నది, సంత లేదు. ఇస్రో తన వాణిజ్యం చూసుకోవడానికి 1992లో ఆంట్రిక్స్ అనే సంస్థను ఏర్పాటు చేసి ఉన్నది. ఆ రెంటికీ పొత్తు కుదిరి, ఐ.ఆర్.ఎస్. చిత్రాలు ప్రపంచ సంతకు వెళ్ళాయి. 1995 డిసెంబరు 28న వెళ్ళిన ఐ.ఆర్.ఎస్.-1సిలో 5.8 మీటర్ల కెమెరా ఉండేది. చిత్రాలను అంకెల రూపంలో పంపే పౌర ఉపగ్రహాల్లో అంత సన్నని చూపు ఆనాడు మరి దేనికీ లేదు. నాలుగేళ్ళపాటు ఆ స్థానం మనదే. ఈ మాట పిల్లలకు చెప్పినప్పుడు నమ్మరు. చంద్రయానం తెలుసు, మంగళయానం తెలుసు, ఇది మాత్రం పాఠ్యపుస్తకంలో ఎక్కడో మూల ఒక్క వాక్యం.

1999 సెప్టెంబరులో ఇకోనోస్ వచ్చింది. ఒక ప్రైవేటు సంస్థ ఉపగ్రహం, ఒక మీటరు చూపు. అంతవరకు గూఢచారి ఉపగ్రహాలకే పరిమితమైన చూపు డబ్బు పెట్టినవారికి దొరకసాగింది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ డబ్బు బలం ఏమిటో కూడా తెలిసింది. 2001 అక్టోబరులో ఆఫ్ఘనిస్తాన్ మీద యుద్ధం మొదలైనప్పుడు, ఆ దేశం మీద ఇకోనోస్ తీసే చిత్రాలన్నిటినీ తమకే అమ్మాలని అమెరికా ప్రభుత్వ సంస్థ గుత్తంగా కొనేసింది. ఏ ఆంక్షా పెట్టలేదు, ఏ చట్టమూ వాడలేదు. అంగట్లో ఉన్న సరుకంతా ఒక్కరే కొంటే తక్కినవాళ్ళకు అంగడి మూసినట్టే కదా. ఆ కొద్దినెలలు ఆఫ్ఘనిస్తాన్‌లో ఏమి జరుగుతున్నదో పైనుంచి చూడాలనుకున్న పత్రికలకూ, సహాయ సంస్థలకూ ఆ చిత్రాలు అందలేదు.

రైతుల పేరు మీద మొదలైన కథ ఇంకొకటి ఉన్నది. జర్మనీలో రాపిడ్‌ఐ అనే సంస్థ 2008 ఆగస్టు 29న ఒకే రాకెట్ మీద అయిదు ఉపగ్రహాలను పంపింది. అయిదూ అన్నదమ్ముల్లాంటివి, ఒకే రకం కెమెరా, ఒకే కక్ష్య. పంట ఎట్లా ఉందో, వడగండ్లకు ఎంత పోయిందో చూసి చెప్పి, వ్యవసాయ సంస్థలకూ బీమా కంపెనీలకూ అమ్మాలని వాళ్ళ ఆలోచన. పనిముట్టు బాగుంది. కొనేవాళ్ళు అనుకున్నంతగా రాలేదు. 2011లో సంస్థ దివాలా కోర్టుకు వెళ్ళింది. కెనడా సంస్థ ఒకటి కొన్నది, 2015లో దాన్ని అమెరికాలోని ప్లానెట్ సంస్థ కొన్నది. ఉపగ్రహాలు మాత్రం ఈ క్రయవిక్రయాలతో నిమిత్తం లేకుండా 2020 దాకా తిరుగుతూ చిత్రాలు తీస్తూనే ఉన్నాయి. యజమానులు మారినా ఎద్దు దున్నుతూనే ఉంటుంది చూడండి, అట్లా.

ఈ ప్లానెట్ సంస్థను 2010లో నాసాలో పనిచేసిన ముగ్గురు స్థాపించారు. వాళ్ళ ఆలోచన తలకిందులైన ఆలోచన. ఒక్క పెద్ద ఉపగ్రహానికి వందల కోట్లు పోసి, అది పోతే గుండె పగిలి కూర్చునే బదులు, మూరెడు పెట్టెలో పట్టే ఉపగ్రహాలు వందలకొద్దీ చేద్దాం, కొన్ని పోతే పోనీ అన్నారు. వాటికి డవ్ అని, అంటే పావురం అని పేరు. ఒక్కొక్కటి అయిదు కిలోలకు మించదు. 2014 అక్టోబరులో ఒక రాకెట్ పేలిపోయి 26 పావురాలు ఒక్కసారే బూడిదయ్యాయి. పాతకాలపు లెక్కలో అది సంస్థ మూతపడే దెబ్బ. వాళ్ళు కొత్తవి చేసుకొని ముందుకు సాగారు.

2017 ఫిబ్రవరి 15 ఉదయం ఏమి జరిగిందో మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. మనకు తూర్పున రెండువందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో, నెల్లూరు సీమ శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి.-సి37 ఒకే ప్రయోగంలో 104 ఉపగ్రహాలను తీసుకుపోయింది. ఆ సంఖ్య గురించి పత్రికలు ఎంతో రాశాయి. ఆ నూటనాలుగులో 88 ఈ పావురాలే అన్న సంగతి కిందెక్కడో అచ్చయింది. అదే సంవత్సరం నవంబరులో ప్లానెట్ సంస్థ భూమి మీది నేల మొత్తాన్ని ప్రతిరోజూ చిత్రించగలుగుతున్నామని ప్రకటించింది. 22 రోజులు, 11 రోజులు, చివరికి ఒక్క రోజు. ఆ చివరి మెట్టు ఎక్కించిన రాకెట్టు మనది, ఎక్కింది వాళ్ళది.

ఇన్నిటిని నడపడం ఎట్లా అని మీరు అడగవచ్చు. ఒకే రాకెట్ నుంచి రాలిన 88 ఉపగ్రహాలు ఒకదాని వెనక ఒకటి ముద్దగా పోతే లాభం లేదు. అన్నీ ఒకే చోటు మీదికి ఒకేసారి వస్తాయి. పూసల దండలో పూసల మాదిరి కక్ష్య పొడుగునా సమానంగా పరచుకోవాలి. వీటికి ఇంజన్లు లేవు. అయినా పరచారు. అయిదువందల కిలోమీటర్ల ఎత్తున కూడా గాలి పూర్తిగా లేకపోలేదు, అతి పలుచగా ఉంటుంది. ఉపగ్రహం తన సౌరఫలకాలను గాలికి అడ్డంగా పెడితే కొంచెం కిందికి జారుతుంది. కిందికి జారినది వేగంగా చుట్టు తిరుగుతుంది, అందువల్ల తక్కినవాటికన్నా ముందుకు పోతుంది. సన్నగా పక్కకు తిప్పుకొన్నది వెనకబడుతుంది. వీటిని అడ్డంగా, వాటిని నిలువుగా తిప్పుతూ, నెలల తరబడి ఓపికగా దండ గుచ్చుతారు. తూర్పార పట్టేటప్పుడు చేటను గాలికి ఏటవాలుగా పట్టి గింజనూ పొట్టునూ వేరుచేయడం చూశారు కదా, గాలిని వాడుకొనే తెలివి అక్కడా ఇక్కడా ఒకటే.

అదే గాలి వాటి ప్రాణం కూడా తీస్తుంది. కొన్నేళ్ళకు కిందికి దిగి వాతావరణంలో కాలిపోతాయి. కనుక ఈ వ్యాపారంలో ఒకసారి పెట్టుబడి పెట్టి కూర్చోవడం ఉండదు, ఎప్పటికప్పుడు కొత్తవి పంపుతూ ఉండాలి. కింద చేయవలసిన పని ఇంకా ఎక్కువ. పలు దేశాల్లో భూకేంద్రాలు కావాలి, ఉపగ్రహం తలమీదుగా పోయే ఆ కొద్ది నిమిషాల్లో చిత్రాలన్నీ దింపుకోవాలి. ఒక్కొక్క కెమెరా చూపు ఒక్కొక్క రకం. ఒకటి ఆకును కొంచెం ముదురుగా, ఇంకొకటి కొంచెం లేతగా చూస్తుంది. దీన్ని సరిచేయకపోతే నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య మారింది పంటా, కెమెరానా అన్నది తెలియదు. అందుకని ఎప్పుడూ రంగు మారని ఎడారుల మీద, చివరికి చందమామ మీద కూడా కెమెరాలను తిప్పి సరిచూసుకుంటారు. మన సంతలో తూనికరాళ్ళకు ఏటా ముద్ర వేయించుకొన్నట్టే ఇది. కొనేవాడికి చేరేది ఫోటో అనుకుంటాం గాని, ఆ సరిచూపుకే ఎక్కువ విలువ.

మరి మన పొరుగున ఏమి జరుగుతున్నది? కోలారుకు గంటన్నర దూరంలో బెంగళూరు ఉన్నది. అక్కడ పిక్సెల్ అనే సంస్థను 2019లో అవైస్ అహ్మద్, క్షితిజ్ ఖండేల్వాల్ అనే ఇద్దరు బిట్స్ పిలానీ విద్యార్థులు మొదలుపెట్టారు. ప్రైవేటు సంస్థలకు అంతరిక్ష రంగాన్ని తెరుస్తున్నట్టు కేంద్ర ప్రభుత్వం 2020 జూన్‌లో ప్రకటించింది. పిక్సెల్ 2022 ఏప్రిల్‌లో శకుంతల అనే ప్రయోగాత్మక ఉపగ్రహాన్ని అమెరికా రాకెట్ మీద, అదే ఏడు నవంబరు 26న ఆనంద్‌ను శ్రీహరికోట నుంచి పంపింది. ఆ నవంబరు రాకెట్‌లోనే హైదరాబాదు సంస్థ ధ్రువ స్పేస్ చేసిన రెండు థైబోల్ట్ ఉపగ్రహాలు కూడా వెళ్ళాయి. 2025 జనవరిలో మూడు, ఆగస్టులో మూడు, మొత్తం ఆరు ఫైర్‌ఫ్లై ఉపగ్రహాలను పిక్సెల్ కక్ష్యలో పెట్టింది. ఫైర్‌ఫ్లై అంటే మిణుగురు పురుగు.

ఈ మిణుగురులు చూసే తీరు వేరు. మామూలు కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ముక్కలుగా చూస్తుంది. ఇవి వెలుగును నూటికి పైగా సన్నని చారలుగా చీల్చి చూస్తాయి. ప్రతి వస్తువూ వెలుగును తిప్పికొట్టడంలో దాని సంతకం దానికి ఉన్నది. దూరం నుంచి రెండూ పచ్చగానే కనిపించినా, ఎండుతెగులు మొదలైన టమాటా తోటకూ ఆరోగ్యంగా ఉన్న తోటకూ ఆ చారల్లో తేడా వస్తుంది. చెరువులో నాచుకూ గుర్రపుడెక్కకూ తేడా వస్తుంది. ఇస్రో కూడా 2018 నవంబరులో హైసిస్ అనే ఉపగ్రహంతో ఈ పని చేసింది. అది ఒక్కటి, ఇవి గుంపు.

కె.జి.ఎఫ్. వాళ్ళు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. నన్నూ చాలామంది అడిగారు. పైనుంచి చూస్తే బంగారం కనబడుతుందా? కనబడదు. మన బంగారం నేల లోపల తెల్లరాయి చారల్లో పొడిగా చిక్కుకొని ఉన్నది. కనబడేది దాన్ని మోసే రాతి పట్టీ. గ్రానైటు నేల మధ్య నల్లని నాప వంటి రాయి, ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్ల పొడుగున, కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తం దాకా పోయే పట్టీ. ఉపగ్రహ చిత్రంలో అది గీత గీసినట్టు తెలుస్తుంది. వింత ఏమంటే, ఆకాశాన్ని చూడడానికి శాస్త్రజ్ఞులు ఒకప్పుడు ఇదే పట్టీ లోతుకు దిగారు. 1965లో ఛాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు పెట్టి, ఆకాశం నుంచి వచ్చి భూమిని దాటిపోయే న్యూట్రినో కణాల జాడ పట్టారు.

పైనుంచి కనబడే ఇంకొకటి మన సైనైడ్ దిబ్బలు. బంగారం తీయగా మిగిలిన పిండి మట్టి అది. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, మారికుప్పం వాళ్ళకు వాటి గురించి నేను చెప్పనక్కర లేదు. ఎండాకాలం గాలి వీస్తే ఇంట్లో అన్నం గిన్నె మీద మూత తీయలేరు. పదమూడు దిబ్బల్లో సుమారు 3.3 కోట్ల టన్నుల మట్టి ఉందని లెక్క. అందులో మిగిలిన బంగారాన్ని మళ్ళీ తీసే ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకున్నది. ఆ పని మొదలైతే దిబ్బ ఏ వైపు తవ్వారు, వానకు పిండి ఏ వాగులోకి జారింది, ఏ పొలం తెల్లబడింది అన్నది వారం వారం పైనుంచి నమోదు చేయవచ్చు. గని కంపెనీలు ఈ హైపర్‌స్పెక్ట్రల్ చిత్రాలకు మొదటి ఖాతాదారుల్లో ఉన్నాయి. దిబ్బ కింద ఇల్లున్నవాడు ఖాతాదారు కాదు. అతని తరఫున ఎవరు కొంటారు అన్నది నా మటుకు ఈ మొత్తం విషయంలో అసలు ప్రశ్న.

ఇదే ప్రశ్న చెరువుల దగ్గరా వస్తుంది. 2018 జూన్‌లో కె.సి.వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మన జిల్లాకు పంపడం మొదలైంది. ముందుగా లక్ష్మీసాగర చెరువులో పడింది. నురగ లేచింది, కోర్టుకు వెళ్ళారు, ఆగింది, మళ్ళీ మొదలైంది. రోజుకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు నింపాలని పథకం. బోర్లలో నీరు పైకి వచ్చిందని సంతోషించేవాళ్ళు ఉన్నారు, ఆ నీటి నాణ్యత గురించి భయపడేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నది. ఉపగ్రహం ఏ చెరువుకు ఎన్నాళ్ళు నీరు వచ్చిందో, ఎక్కడ నాచు కమ్మిందో చెప్పగలదు. ఆ నీటిలో లోహాలు ఎంత ఉన్నాయో చెప్పలేదు. దానికి సీసాలో నీరు పట్టి ప్రయోగశాలకు పంపవలసిందే. ఉపగ్రహం అంతా చెబుతుందని అమ్మేవాళ్ళు అంటారు గాని, మనం ఆ గీత తెలుసుకొని ఉండాలి.

పంటల బీమాలో ఈ చిత్రాలు ఇప్పటికే లోపలికి వచ్చాయి. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి అంచనాలో కనీసం 30 శాతం ఉపగ్రహం ఆధారంగా లెక్కించే పద్ధతి పెట్టారు. అంటే పొలంలో కోసి తూచిన లెక్క ఒక పక్క, పైనుంచి చూసిన లెక్క ఒక పక్క. వరి, గోధుమ పెద్ద పెద్ద చెక్కలుగా ఒకే పంట. మన దగ్గర అట్లా కాదు. ఒక మడిలో రాగి, గట్టు మీద అనుములు, పక్కన అరెకరం టమాటా, ఆ పక్కన మామిడి. ఒక్క చుక్కలో రెండు పంటలు కలిసిపోతే ఆ చుక్క ఎవరి పక్షాన సాక్ష్యం చెబుతుంది? రేపు ఈ లెక్క రాగికీ వస్తే, నష్టపరిహారం కాగితం మీద ఏ తేదీ చిత్రం వాడారో, చుక్క ఎంత పెద్దదో రైతు అడిగి తెలుసుకోవాలి.

2025 ఆగస్టులో మరో అడుగు పడింది. దేశానికి సొంతంగా ప్రైవేటు ఉపగ్రహ సమూహం కట్టే పనికి పిక్సెల్ నాయకత్వంలో పియర్‌సైట్, శాట్‌శ్యూర్, ధ్రువ స్పేస్ సంస్థల కూటమిని ఎంపిక చేశారు. 12 ఉపగ్రహాలు, అయిదేళ్ళు, రూ.1,200 కోట్లకు పైగా పెట్టుబడి. అందులో రాడార్‌తో చూసేవి కూడా ఉంటాయి. రాడార్ తన వెలుగు తానే పంపుకొంటుంది కనుక మబ్బు దానికి అడ్డం కాదు. 2021 నవంబరులో మన చెరువులు అలుగులు పారి రోడ్లు తెగినప్పుడు కావలసి వచ్చింది ఈ చూపే.

అన్నీ కొనుక్కోవలసిందేనా అంటే, కాదు. లాండ్‌శాట్ అనుభవం చూసి అమెరికా 2008లో ఆ చిత్రాలన్నీ ఉచితం చేసింది. ఐరోపావాళ్ళ సెంటినెల్-2 జంట అయిదు రోజులకొకసారి మన జిల్లా మీదుగా పోతుంది, పది మీటర్ల చుక్క, పైసా తీసుకోరు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నిసార్ రాడార్ ఉపగ్రహం కూడా పన్నెండు రోజుల వంతున చూస్తుంది, దాని సమాచారమూ అందరికీ ఉచితమే. ఇస్రో భువన్ 2009 నుంచి ఉన్నది. ప్రతిరోజూ కావాలంటే, సన్నగా కావాలంటే, నూరు చారల్లో కావాలంటే డబ్బు. అయిదు రోజులకొకసారి చాలు, పది మీటర్లు చాలు అంటే ఉచితం. ఒక చెరువుకు ఈ రెండోదే చాలు.

మా తొమ్మిదో తరగతి పిల్లల చేత ఈ పని చేయించాను. బడి దగ్గరి చెరువు సెంటినెల్ చిత్రం పెద్దది చేసి గళ్ళ కాగితం మీద గీయించాను. పది మీటర్ల చుక్క అయితే ఎకరానికి సుమారు నలభై చుక్కలు. నల్లగా ఉన్నవి నీళ్ళు, పచ్చగా ఉన్నవి నేల అని లెక్కపెట్టారు. ఒక జట్టు పదకొండు ఎకరాలు నీళ్ళున్నాయని తేల్చింది. ఆ కాగితం పట్టుకొని నీరుగంటి వంశానికి చెందిన ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళారు. ఆయన అద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసి, పడమటి మూల పచ్చగా ఉన్న చోట వేలు పెట్టి, "ఇది నేల కాదు నాయనా, గుర్రపుడెక్క. దీని కింద నిలువెత్తు నీళ్ళున్నాయి" అన్నారట. పిల్లలు తిరిగి వచ్చి ఆ మూలకు వేరే రంగు వేశారు. లెక్క పదహారు ఎకరాలకు వచ్చింది.